మారా నది వెంట

మారా నది పొడవు సుమారు 395 కిలోమీటర్లు. కెన్యా సఫారీకి వెళ్లేవాళ్లు చూసేది అందులో ఒక చిన్న ముక్క: మసాయి మారా అభయారణ్యంలో వైల్డ్‌బీస్ట్ మందలు నీళ్లలోకి దూకే కొన్ని రేవులు. మన టూర్ ఏజెంట్ల కాగితాల మీద కూడా ఆ బొమ్మలే ఉంటాయి. ఎగువన నీళ్లు పంపే అడవీ, ఒడ్డున తరతరాలుగా పశువులు మేపుకున్న మనుషులూ వాటిలో కనిపించరు. అందుకే ఎగువ నుంచి దిగువకి, దారి ఉన్నంత మేర నది వెంటే వెళ్లాను.

నది పుట్టేది మావ్ కొండల మీద, ఎనపుయపుయి అనే చిత్తడి నేలలో. అమలా, న్యాంగోరెస్ అనే రెండు పాయలుగా దిగుతుంది. ఆ చల్లని ఎత్తుల్లో ఎటు చూసినా తేయాకు, మొక్కజొన్న, ఆలుగడ్డ చేలు. బొమెట్ ఊళ్లో వంతెన మీద నిలబడితే కింద న్యాంగోరెస్ ఎర్రమట్టి నీళ్లతో పారుతోంది. పైన చెట్టు పోతే నేల కొట్టుకొస్తుంది. 2009 నాటికే మావ్ అడవిలో నాలుగో వంతు, లక్ష హెక్టార్లకు పైగా, పోయింది. 2001లో ప్రభుత్వమే వేల హెక్టార్లను అడవి నుంచి విడదీసి పంచింది. పలుకుబడి ఉన్నవాళ్లకూ అందులో భూములు దక్కాయి.

అడవిని పాడుచేస్తున్నారన్న నింద మాత్రం ఆ అడవిలోనే ఉండే ఒగియెక్ ప్రజల మీద పడింది. చెట్ల కొమ్మల్లో బోలు దుంగలు కట్టి, తేనె తీసి బతికినవాళ్లు వాళ్లు. చెట్టు లేకపోతే వాళ్లకు పూట గడవదు, అలాంటివాళ్లు చెట్టును ఎందుకు కొట్టుకుంటారు? 2017 మేలో ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానం వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. 2022లో వాళ్లకు పరిహారం ఇవ్వమని కెన్యా ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2023 నవంబరులో మళ్లీ వాళ్ల ఇళ్లు కూల్చారు.

రెండు పాయలూ కలిశాక మారా అభయారణ్యంలోకి వస్తుంది. ఇక్కడ నేను చాలాసేపు ఆగాను.

మారాలో నాలుగు వేలకు పైగా నీటిగుర్రాలు ఉన్నాయి. రాత్రంతా గడ్డి మేసి, పగలు మడుగుల్లో పడుకుని, రోజుకు దాదాపు 36 టన్నుల పేడ నదిలో వేస్తాయి. నది నిండుగా పారినప్పుడు ఆ పేడే చేపలకూ పురుగులకూ మేత. ఎండాకాలం ప్రవాహం సన్నబడితే అదే మడుగుల్లో మురిగి నీళ్లలో ప్రాణవాయువు లేకుండా చేస్తుంది. ఆ పైన ఒక్కసారిగా వాన పడి మడుగులు కదిలితే కింద చేపలు చచ్చి తేలతాయి. పైన అడవి తగ్గేకొద్దీ ఎండాకాలపు నీరు సన్నగిల్లుతుంది, వరదలు ముదురుతాయి. 2024 మే 1న తాలెక్ ఉపనది పొంగి గుడారాలను ముంచేసినప్పుడు సందర్శకులను హెలికాప్టర్లలో తరలించారు.

మందలు దాటే రేవు దగ్గర ఎదురుచూపు గంటల తరబడి సాగుతుంది. ముందున్న జంతువు నీటి అంచుకు వచ్చి, మూతి వంచి, వాసన చూసి వెనక్కి తగ్గుతుంది. వెనక వేల గిట్టలు దుమ్ము రేపుతుంటాయి. ఒకటి దూకగానే మిగతావన్నీ దూకుతాయి. సగటున ఏడాదికి 6,200 వైల్డ్‌బీస్ట్‌లు ఈ నదిలో మునిగి చచ్చిపోతాయని పరిశోధకులు లెక్కగట్టారు. వాటి మాంసం మొసళ్లకూ రాబందులకూ చేపలకూ పోతుంది. ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నీళ్లకు సారం ఇస్తాయి. అదంతా నది సహజ జీవితం. సహజం కానిది ఒడ్డున బారులు తీరిన వ్యాన్లు. నేను చూస్తుండగానే ఒక వ్యాను మంద దిగే దారికి అడ్డంగా వచ్చి ఆగింది, ముందున్న జంతువులు బెదిరి వెనక్కి తిరిగాయి. 2025 జూలైలో దిగువన, టాంజానియాలోని సెరెంగెటిలో జనం బండ్లు దిగి మంద దారికే అడ్డం నిలబడ్డారు. జీవితంలో ఒక్కసారి చూసే దృశ్యమని డబ్బు కట్టి వచ్చి, ఆ దృశ్యాన్నే చెడగొట్టడం క్షమించరాని పని.

అభయారణ్యం సరిహద్దు అవతల ఒక మసాయి వాడకు వెళ్లాను. పొట్టి గోడల ఇళ్లు, ముళ్లకంచె, మధ్యలో పశువుల దొడ్డి. ఇళ్లు కట్టేది ఆడవాళ్లే. ఒకావిడ పుల్లల అల్లిక మీద పేడ, మట్టి కలిపి అరచేత్తో మెత్తుతోంది. సంక్రాంతి ముందు మా ఊళ్లో ఆడవాళ్లు వాకిలి అలికే తీరు సరిగ్గా అదే. లోపల చీకటి, పొయ్యి, పొగ. ఆనపకాయ బుర్రలోకి అడవి ఆలివ్ కొరకంచు దూర్చి, బొగ్గు రాల్చి తోమి, దులిపి, అందులో పాలు పోస్తారు. ఆ పొగ వాసనతో పాలు చాలాసేపు విరగవట. తాగాను, బాగున్నాయి. సందర్శకులకు చూపించే గెంతుల నృత్యం కన్నా ఆ బుర్రను అంత ఓపికగా తోమిన చేతులే నాకు బాగా గుర్తున్నాయి.

ఈ మనుషులను ఎన్నిసార్లు కదిలించారో చూడండి. 1904, 1911 ఒప్పందాల పేరుతో బ్రిటిష్‌వాళ్లు ఉత్తరాన మేలైన పచ్చిక నేలలు తీసుకుని వాళ్లను దక్షిణానికి తోలారు. 1951లో సెరెంగెటి జాతీయ పార్కు ఏర్పడింది. దశాబ్దం తిరక్కముందే అక్కడి మసాయిలను న్‌గొరొంగొరోకు పంపేశారు. 2022 జూన్‌లో టాంజానియాలోనే లోలియోండోలో వన్యప్రాణుల కోసమని 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్లు పాతినప్పుడు గొడవలు జరిగాయి, ఒక పోలీసు చనిపోయాడు, ఎందరో మసాయిలు గాయాలతో కెన్యా వైపు పారిపోయారు. పశువులూ జీబ్రాలూ తరాలుగా ఒకే పచ్చికను పంచుకున్న చోట పశువు తప్పు చేసిందని ఎలా అంటారు? పులుల అడవి నుంచి బయటికి రమ్మంటుంటే బిక్కుబిక్కుమంటున్న మన నల్లమల చెంచులకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇటు కెన్యా వైపు, టాంజానియా సరిహద్దు దగ్గరి సాండ్ నది ఒడ్డున, మందలు తిరిగే చోటే, 2025లో ఒక విలాసవంతమైన లాడ్జి తెరిచారు. దాని మీద ఒక మసాయి పరిశోధకుడు కోర్టుకెక్కాడు.

నా ప్రయాణం సాండ్ నది దగ్గరే ఆగింది. అక్కడి సరిహద్దు విదేశీ సందర్శకులకు తెరిచి లేదు. మారా మాత్రం టాంజానియాలోకి సాగి, సెరెంగెటి ఉత్తరపు అంచు తాకి, బంగారు గనుల ప్రాంతం పక్కగా, విశాలమైన చిత్తడి నేలల గుండా ముసోమా దగ్గర విక్టోరియా సరస్సులో కలుస్తుంది. 2022 మార్చిలో ఆ దిగువ భాగంలో నీళ్లు నల్లబడి చేపలు చచ్చి తేలాయి. పశువుల పేడ, కుళ్లిన మొక్కలు కారణమని ప్రభుత్వ కమిటీ చెప్పింది. ఆ నీళ్లే తాగే ఊళ్లవాళ్లు అంత తేలిగ్గా నమ్మలేదు.

మీరు వెళ్తారనే అనుకుంటున్నాను, వెళ్లాలి కూడా. విదేశీయులకు అభయారణ్యం రుసుము జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. అభయారణ్యాన్ని ఆనుకుని నబోయిషో, ఒలారే మోటొరోగి, మారా నార్త్ వంటి సంరక్షణ క్షేత్రాలు ఉన్నాయి. అక్కడి భూమి మసాయి కుటుంబాలది, లాడ్జీలు వాళ్లకు కౌలు కడతాయి, బండ్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది. బుక్ చేసే ముందు ఏజెంటును అడగండి: నేను పడుకోబోయే గుడారం కింది నేల ఎవరిది, దాని కౌలు వాళ్లకు అందుతోందా? జవాబు చెప్పలేని ఏజెంటుకు డబ్బు కట్టకండి.