రెండు మిల్లీమీటర్లు

మా ఊరు బిట్రగుంట. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పేరుగాంచిన రైల్వే గ్రామం. మా దాదాజాన్ ఆ షెడ్డులోనే ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినారు.

మరణించిన మా చాచా మాకు మిగిల్చిన గుర్తు ఒక్కటే: ఇటలీ దేశపు పాత ఫియట్ 124 స్పైడర్ కారు. 1966లో తొలిసారి వెలువడిన నమూనా అది. రోడ్డు గుంతలో పడి దాని మిశ్రలోహపు చక్రమొకటి పగిలినది. చెన్నై పుదుపేట పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగి, నాలుగు బోల్టుల చక్రమొకటి కొని తెచ్చినాను. మధ్య రంధ్రం పట్టినది; బోల్టులు కొంచెం బలవంతం మీద ఎక్కినవి. మరునాడు అమ్మీని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవలెనని నా తొందర.

దాదాజాన్ మౌనంగా కొలబద్ద తెప్పించి, చక్రం విప్పించి, ఎదురెదురు రంధ్రాల నడుమ దూరం కొలిచినారు. కారుకు 98 మిల్లీమీటర్లు, చక్రానికి 100.

"రెండు మిల్లీమీటర్లే కదా!" అన్నాను.

"బేటా, వంకరగా కూర్చున్న బోల్టు దారిలో వదులవుతుంది. ఇంజను చక్రానికి ఉక్కు టైరును కాచి, వ్యాకోచించిన తరువాత తొడిగేవాళ్ళం, చల్లారి బిగిసేది. అది కొలతతో కూడిన బలం. నీది కొలత లేని బలవంతం" అన్నారు.

మరునాడు అమ్మీతో రైలులో వెళ్ళినాను. కారు ఐదు నెలలు వేపచెట్టు క్రింద నిలిచినది. చివరకు 98 కొలత గల, లోతు కూడా సరిపోయిన చక్రం దొరికినది.

విద్యార్థి మిత్రులారా! సరిపోయినట్లు కనిపించుటకూ, సరిపోవుటకూ నడుమ దూరం ఒక్కొక్కసారి రెండు మిల్లీమీటర్లే. ఆ దూరాన్ని నేను నా తల్లి ప్రాణంతో కొలువబోయినాను.