మట్టి బండికి చోటు: వెలుగోడు చుట్టుపక్కల

డర్ట్ బైక్ నేర్చుకోవడానికి కావలసింది తారు లేని నేల. నంద్యాల జిల్లాలో దానికి కొదవ లేదు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేరు పారే లోయ. నల్లరేగడి, ఎర్రనేల, గరుసు, నాపబండ అన్నీ ఒక్క పూట ప్రయాణంలోనే తగులుతాయి. అయితే ఈ సీమలో ఖాళీగా కనబడే నేల ఎంత ఉన్నా, ఎవరిదీ కాని నేల మాత్రం దాదాపు లేదు. ఒకచోట రైతు, ఒకచోట నీటిపారుదల శాఖ, ఇంకోచోట అటవీ శాఖ, అన్నిచోట్లా గొర్రెలకాపరి. కాబట్టి సాధనకు చోటు వెతకడమంటే ముందు ఆ నేల ఎవరి చేతిలో ఉందో కనుక్కోవాలి. అది బండికి పనికొస్తుందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

ఇందుకోసమే తీర్చిన మైదానం కావాలంటే దూరం పోవాలి. కర్ణాటకలో కోలారు దగ్గరి బిగ్ రాక్ డర్ట్ పార్క్ దక్షిణాదిలో పేరున్నది. దాన్ని నెలకొల్పిన సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ ర్యాలీని పూర్తి చేశాడు. భారతీయుల్లో అతనే మొదటివాడు. 2024లో అదే ర్యాలీలో ర్యాలీ-2 విభాగం గెలిచిన హరిత్ నోవా కేరళవాడు. ఆ ఏడాదే పుణె, అహ్మదాబాద్, బెంగళూరుల్లో ట్రాక్‌కు మట్టి పోసి, గుట్టలు కట్టి సూపర్‌క్రాస్ లీగ్ నడిపారు. ఆట పెరుగుతోంది, చూసి ముచ్చటపడే కుర్రవాళ్ళూ పెరుగుతున్నారు. కానీ నంద్యాల నుంచి కోలారుకు 300 కిలోమీటర్ల పైచిలుకు. ఏడాదికోసారి పోయి పాఠం చెప్పించుకు రావచ్చు. ఆ పాఠం ఒంటబట్టాలంటే మాత్రం వారం వారం ఇంటి దగ్గరే బండి ఎక్కాలి.

చోటు ఎంపికలో సగం లెక్క బండి రకంతోనే తేలిపోతుంది. హీరో ఎక్స్‌పల్స్, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ లాంటివి నంబరు ప్లేటుతో వస్తాయి. వాటిని ఇంటి నుంచి నడుపుకుంటూ పోయి, మట్టిలో తిరిగి, మళ్ళీ నడుపుకుంటూ రావచ్చు. కవాసకి కెఎల్‌ఎక్స్ 110, కెఎక్స్ 250 లాంటి అచ్చమైన మట్టి బళ్ళకు హెడ్‌లైటు ఉండదు, రిజిస్ట్రేషన్ కాదు. వాటిని టాటా ఏస్‌లోకి ఎక్కించి, హ్యాండిల్‌ను రెండు వైపులా పట్టీలతో బిగించి తీసుకుపోవలసిందే. అంటే చోటు దాకా టాటా ఏస్ పోయే దారి కూడా ఉండాలి. పాత ఆర్ఎక్స్ 100కు గడ్డల టైర్లు వేసి, సైలెన్సర్ కోసి మట్టిలోకి దింపేవాళ్ళూ ఉన్నారు. టైర్ల వరకు బాగానే ఉంది కానీ, సైలెన్సర్ కోసిన బండిని ఏ ఊరూ రెండో వారం రానివ్వదు. దుమ్మునైనా ఓర్చుకుంటారేమో గానీ, ఆ మోతను ఓర్చుకోరు.

చట్టం సంగతి ఇక్కడే తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం జనానికి వచ్చిపోయే హక్కున్న ఏ చోటైనా బహిరంగ ప్రదేశమే, అది రోడ్డే కానక్కర లేదు. ఊరి పోరంబోకు, చెరువు కట్ట, కాలవ గట్టు దారి ఈ లెక్కలోకి రాగలవు. అక్కడ లైసెన్సు, రిజిస్ట్రేషన్, హెల్మెట్ నియమాలన్నీ వర్తిస్తాయి. గేరు బండికి 18 ఏళ్ళు నిండాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే, 2019 సవరణ తర్వాత సంరక్షకుడికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. పదిహేనేళ్ళ పిల్లవాడికి డర్ట్ బైక్ మీద ఆశ పుడితే దాన్ని తీర్చే చోటు సొంత పొలమో, శిక్షణ మైదానమో కావాలి గానీ ఊరి బయట బాట కాకూడదు.

ఇక నేల. కుందేరు లోయలో ఎక్కువ భాగం నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమన్ను ఇది. జల్లు పడిన మరునాడు ఇందులోకి బండి దింపితే ఏమవుతుందో దగ్గరగా చూడాలి. చక్రం నాలుగు చుట్లు తిరిగేలోపే టైరు గడ్డల మధ్య సందులు మన్నుతో పూడిపోతాయి. ఇక అది గడ్డల టైరు కాదు, నున్నటి బంక ముద్ద, ఎటు తిప్పినా జారుతుంది. ఆ తర్వాత మన్ను మడ్‌గార్డు కిందికి ఎక్కి, పొర మీద పొర పేరుకుని, ముందు చక్రాన్ని తిరగనివ్వకుండా పట్టేస్తుంది. మామూలు బండి అక్కడే నిలబడిపోతుంది. దిగి పుల్లతో గీకాలి, పది గజాలు పోయి మళ్ళీ గీకాలి. డర్ట్ బైకులకు ముందు మడ్‌గార్డు టైరును అంటకుండా జానెడు ఎత్తున ఉండేది ఈ బాధ లేకుండా ఉండేందుకే. అదే రేగడి ఏప్రిల్, మే నెలల్లో ఎండి నెర్రెలిస్తుంది. చెయ్యి దూరేంత నెర్రె వెంబడి ముందు చక్రం పడిందంటే హ్యాండిల్ ఎంత తిప్పినా బయటికి రాదు, నడిపేవాడు మాత్రం ముందుకు పడతాడు. ఈ రెండు కాలాలకూ నడుమ, శనగ కోత అయిపోయాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని వారాలు రేగడి మెత్తగా, పొడిగా, పట్టుగా ఉంటుంది. పడినా దెబ్బ తక్కువ. కొత్తవాడికి అంతకన్నా మంచి నేల ఈ లోయలో దొరకదు. దురదృష్టం ఏమిటంటే ఆ వారాలు చాలా కొద్ది.

ఏడాదిలో ఎక్కువ రోజులు పనికొచ్చేది ఎర్రనేల. నల్లమల పాదాల వెంట ఆళ్లగడ్డ వైపు దాకా, అటు పడమట బేతంచెర్ల, డోన్ వైపు, గరుసు కలిసిన ఎర్రనేలలు కనబడతాయి. వీటిలో నీరు నిలవదు. వాన వెలిసిన కొన్ని గంటలకే చక్రానికి పట్టు దొరుకుతుంది. పైన పరుచుకున్న గులకరాళ్ళు మొదట్లో భయపెడతాయి, కానీ బ్రేకు పాఠం చెప్పేది అవే. ముందు బ్రేకును గుప్పిట బిగిస్తే బండి పక్కకు కొట్టుకుపోతుంది. రెండు వేళ్ళతో కొద్దికొద్దిగా నొక్కుతూ, బరువు వెనక్కి జరుపుకుంటే నిలుస్తుంది. తారు రోడ్డు మీద ఎన్నేళ్ళు నడిపినా ఈ తేడా చేతికి తెలియదు.

వెలుగోడువాళ్ళ చూపు ముందు పోయేది జలాశయం వైపు. తెలుగుగంగ పథకంలో భాగంగా గాలేరు మీద కట్టిన బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఇది, నిల్వ దాదాపు 17 టీఎంసీలు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల మీదుగా వచ్చే కృష్ణా నీళ్ళను రాయలసీమ పొలాలకూ, సోమశిల, కండలేరు మీదుగా చెన్నై తాగునీటికీ అందించే ఏర్పాటులో ఇదొక మజిలీ. పొడవాటి మట్టి కట్ట, దాని వాలు, ఎండాకాలం నీళ్ళు తగ్గాక బయటపడే నేల చూస్తే ఎవరికైనా బండి దింపాలనిపిస్తుంది. కట్ట మీద మాత్రం ఆ కోరిక చంపుకోవాలి. వాలు మీద గడ్డల టైరు గీసిన చాలు వాన నీటికి దారి అవుతుంది. అదే దారిన మళ్ళీ మళ్ళీ నీరు జారి చాలు కోత అవుతుంది, కోత గండి అవుతుంది. మట్టి కట్టలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. నీళ్ళు తీసిన నేల మరో రకం మోసం. పైన ఎండి పెచ్చు కట్టినట్టుంటుంది, అడుగున ఒండ్రు బురద ఆరి ఉండదు. మనిషి నడిచినా విరగని పెచ్చు బండి బరువుకు విరుగుతుంది. ఇరుసు దాకా దిగిన ఎక్స్‌పల్స్‌ను, అంటే దాదాపు 160 కిలోల ఇనుమును, పైకి లాగడానికి నలుగురు మనుషులు చాలరు.

నల్లమల మాట ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: అక్కడికి బండి తీసుకుపోకూడదు. కానీ ఎందుకో తెలియాలి. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం వెలుగోడు గడపలోకి వచ్చి ఆగుతుంది. నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిని 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంగా ప్రకటించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. చట్టం మాట అటుంచినా, అడవి అంచు ఎక్కడ ముగుస్తుందో పులికి తెలియదు. 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మాడాపురం ఊరి పక్కన నాలుగు పులి కూనలు దొరికాయి. వాటిని తల్లితో కలపాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు, చివరికి తిరుపతి జంతుశాలకు తరలించారు. ఊరి పక్క పొదల దాకా వచ్చి తిరిగే జంతువుల దగ్గర ఇంజను మోత ఎంత హాని చేస్తుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. ఎండు గడ్డి మీద కాలిన సైలెన్సర్ ఆనితే రేగే మంట సంగతి వేరే చెప్పనక్కర లేదు.

అడవి కనీసం అడవిలా కనబడుతుంది. రోళ్ళపాడు అలా కనబడదు. నందికొట్కూరు వైపు ఉన్న ఈ అభయారణ్యం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైచిలుకు గడ్డినేల. చెట్టు లేదు, గట్టు లేదు, చదునుగా కంటికి ఆనినంత మేర బీడు. తెలియనివాడికి ఇంతకన్నా మంచి ప్రాక్టీసు మైదానం ఉండదనిపిస్తుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో దీన్ని అభయారణ్యం చేశారు. మనిషి నడుము దాటే ఎత్తున్న ఆ పక్షి గూడు కట్టదు, బట్ట నేల మీదే సాధారణంగా ఒక్క గుడ్డు పెడుతుంది. దేశం మొత్తం మీద ఆ జాతి ఇప్పుడు అంతరించే అంచున ఉంది, రోళ్ళపాడులో కనబడడమే అపురూపమైపోయింది. కృష్ణజింకలు, తోడేళ్ళు ఆ గడ్డిలోనే బతుకుతాయి. ఖాళీ నేల అనుకుని తొక్కేసే అలవాటు ఎంత నష్టం చేయగలదో ఈ ఒక్క చోటు చాలు తెలుసుకోవడానికి. ఈ జిల్లాలో బండి నేర్చే ప్రతి కుర్రవాడూ ఒకసారి అనుమతితో, కాలినడకన, రోళ్ళపాడు చూసి రావాలి.

బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి గనుల దగ్గర గుట్టలుగా పోసిన రాతి తుక్కు కొండలెక్కే సాధనకు పనికొస్తుందనిపిస్తుంది. అది లీజు భూమి, పేలుళ్ళు జరిగే చోటు, నీళ్ళు నిండిన లోతు గుంతల చోటు. నాపరాయి పెచ్చు అంచు టైరు పక్కను కత్తిలా కోస్తుంది. వదిలెయ్యడమే మేలు.

మిగిలింది అసలైన దారి: ఒక రైతును అడగడం. ఊళ్ళకు ఇది కొత్త కాదు. తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు పెట్టేటప్పుడు ఒంగోలు ఎద్దుల జతల కోసం ఎవరిదో పొలం అడిగి, రాళ్ళేరి, చదును చేసి, తాళ్ళు కట్టి, జనం నిలబడే చోటు వేరు చేస్తారు. పందెం అయిపోయాక పొలం రైతుకు అప్పగిస్తారు. బండికీ అదే పద్ధతి. నలుగురైదుగురు కుర్రవాళ్ళు కలిసి ఒక ఎర్రనేల బీడును నెలకింత అని మాట్లాడుకుంటే, ఆ మాట ఒక కాగితం మీద రాసుకుంటే, చాలా తలనొప్పులు తప్పుతాయి. కౌలుకు ఇచ్చిన పొలమైతే యజమానినే కాదు, కౌలుదారునూ అడగాలి. కోత అయిన చేలలో ఎరువు కోసం గొర్రెల మందను రాత్రిళ్ళు నిలిపే ఆనవాయితీ ఇక్కడ ఉంది. మంద దిగిన వారం ఆ వైపు పోకూడదు. ఇంజను మోతకు బెదిరిన గొర్రెలు చెల్లాచెదురైతే వాటిని తిరిగి పోగుచెయ్యడానికి కాపరికి పూటంతా పడుతుంది.

పెద్ద విస్తీర్ణం అక్కర్లేదు. అర ఎకరా, అంటే ఒక్కో వైపు దాదాపు 45 మీటర్ల చదరం, మొదటి ఆరు నెలలకు చాలు. దానికన్నా పెద్ద చోటు దొరికితే వేగం మీదికి మనసు పోతుంది, పని వెనకబడుతుంది. రెండు పాత టైర్లు పదిహేను అడుగుల దూరంలో పెట్టి వాటి చుట్టూ 8 అంకె ఆకారంలో తిరగాలి. కాళ్ళు ఫుట్‌పెగ్గుల మీద, మోకాళ్ళు ట్యాంకును ఒత్తి, మోచేతులు బయటికి, కూర్చోకుండా. క్లచ్‌ను సగం పట్టుతో నడిపించడం ఇక్కడే వస్తుంది. ఎడమకు తిరిగినంత తేలిగ్గా కుడికి తిరగలేకపోతున్నట్టు చాలామందికి ఇక్కడే తెలుస్తుంది. అప్పుడు కుడివైపే రెట్టింపు తిరగాలి. టైర్లలో గాలి రోడ్డు మీదకన్నా తగ్గించాలి. అయితే ట్యూబు టైరు వరకు మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పంచరవుతుంది. నంబరు ప్లేటు బండి అయితే తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడానికి చేతిపంపు వెంట ఉండాలి.

నంద్యాల వేసవిలో 43, 44 డిగ్రీలు మామూలు. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించాలి. పూర్తి మొహం కప్పే హెల్మెట్, మోకాలి, మోచేతి తొడుగులు, చీలమండ దాటే బూట్లు లేకుండా బండి ఎక్కకూడదు. చెప్పులతో డర్ట్ బైక్ ఎక్కినవాడి పాదం ఫుట్‌పెగ్గుకూ నేలకూ మధ్య పడితే ఎముకలు మిగలవు. ఒంటరిగా పోకూడదు. ఫోను సిగ్నలు అందే చోటు, 108 బండి గట్టు దాకా రాగల దారి ఉన్న చోటు ఎంచుకోవాలి. ప్రతి నెలా చివర చక్రాల చాళ్ళను గుంటకతో చదును చేయించాలి, ఆ కూలి నేర్చుకునేవాళ్ళదే. మే నెలాఖరుకు పొలం ఖాళీ చెయ్యాలి, ఎందుకంటే తొలకరి పడితే రైతుకు దుక్కి పని మొదలవుతుంది. ఖరీఫ్ నెలల్లో పంట వెయ్యని మరో గరుసు చెక్క కోసం మే మొదట్లోనే అడిగి పెట్టుకోవాలి.