రెండు పంచాంగాలు

మా ఊరు కె.కోటపాడు. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. చోడవరం పరిసరాల్లోని పల్లెలన్నిటి మాదిరిగానే మా ఊరికీ చెరకు పంటతో అనుబంధం ఎక్కువ. చెరకు నరకడం, గానుగాడడం, బెల్లం వండడం సంక్రాంతికి అటూ ఇటూ సాగుతాయి. దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకు చేరిన తరువాతనే మా ఇంట డబ్బు కనిపించేది. ఉగాది దాటి, తొలకరి పనులు మొదలయ్యేసరికి అది కరిగిపోయేది. మా ఇంటి పంచాంగం అది. విశ్వవిద్యాలయాలకు మరొక పంచాంగం ఉంటుందని బి.యస్సీ. పూర్తయిన ఏడాది తెలుసుకొన్నాను.

ఎమ్మెస్సీ గణితశాస్త్రంలో చేరాలని నా కోరిక. దరఖాస్తుకు బ్యాంకు డ్రాఫ్టు జతచేయాలి. ఆ రుసుము పెద్ద మొత్తమేమీ కాదు. కాని మా ఇంట చేతిలో పైకం ఆడని రోజులవి. నాన్నగారిని అడగడానికి మొగమాటపడి పది రోజులు వృథా చేశాను. చివరకు అడిగితే, ఎరువుల కోసం దాచిన సొమ్ములోనుంచి తీసి ఇచ్చారు. డ్రాఫ్టు తీసి రిజిస్టరు తపాలాలో పంపేసరికి గడువు ముగిసింది. కవరు తిరిగి వచ్చిననాడు నాన్నగారు కోపగించలేదు. “ముందే చెబితే బెల్లం అమ్మిననాడే ఒక దిమ్మ డబ్బు పక్కన పెట్టేవాణ్ణి కదరా!” అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం బాధించింది.

మా లెక్కల మాష్టారు ఆ కవరు చూసి, “ఇన్ని లెక్కలు చేసినవాడివి, రోజులు లెక్కపెట్టుకోలేకపోయావా?” అని మందలించారు. ఆ తరువాత కల్యంపూడి రాధాకృష్ణారావుగారి గురించి చెప్పారు. ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రం ఎం.ఏ.లో ప్రథమశ్రేణిలో ప్రథముడుగా నిలిచారు. పరిశోధన వేతనానికి పెట్టుకొన్న దరఖాస్తు ఆలస్యంగా అందిందన్న కారణంతో తిరస్కరింపబడింది. సైనిక సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళిన ఆయన, అక్కడి భారతీయ గణాంకశాస్త్ర సంస్థను చూశారు. 1941 జనవరి 1న అందులో శిక్షణకు చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుండి గణాంకశాస్త్రంలో మరొక ఎం.ఏ. పట్టా పొందారు. 1945లో ఆయన ప్రచురించిన ఫలితాన్ని ప్రపంచమంతా క్రామర్–రావు అసమానత్వం పేరుతో చదువుకొంటున్నది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం ఆయనను వరించింది. అదే సంవత్సరం ఆగస్టులో, నిండు నూరేళ్ళు దాటిన వయసులో ఆయన కన్నుమూశారు.

గడువు తప్పిన ప్రతివాడూ రావుగారు కాలేడు. నాతో చదివిన మిత్రుడొకడు గణితంలో నాకన్న చురుకైనవాడు. అతడూ ఆ ఏడు దరఖాస్తు పంపలేకపోయాడు. మరుసటి ఏడు ఇంటి బరువు మీద పడి చదువు మానుకొన్నాడు. అతని తెలివికి కాదు, తేదీలకు ఓటమి కలిగింది.

ఆ సంవత్సరమంతా నేను ఊరి పిల్లలకు లెక్కలు చెప్పి కొంత కూడబెట్టాను. నోటు పుస్తకం చివరి పుటలో నిలువుగా ఒక గీత గీశాను. ఎడమవైపు ఇంట డబ్బు వచ్చే నెలలు, కుడివైపు డబ్బు కట్టవలసిన నెలలు రాశాను. దరఖాస్తు, ప్రవేశపరీక్ష, ప్రవేశరుసుము, వసతిగృహం డిపాజిట్టు ఒక్కటొక్కటే కుడివైపు చేరాయి. ఉపకారవేతనం మంజూరైనా చేతికి అందడానికి నెలలు పడుతుందని సీనియర్లు చెప్పగా, మూడు నెలల భోజనఖర్చును కూడా చేర్చాను. ఆ పుట నాన్నగారికి చదివి వినిపించాను. ఆ సంక్రాంతికి రెండు దిమ్మల సొమ్ము అమ్మ చేతిలో పెట్టి, దాన్ని ముట్టవద్దన్నారు. మరుసటి ఏడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాను.

నేడు మార్గాలు పెరిగాయి. 2021 నుండి రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల పి.జి. ప్రవేశాలకు ఒకే ఉమ్మడి పరీక్ష జరుగుతున్నది. ఐ.ఐ.టి.లలో ఎమ్మెస్సీ చేయగోరేవారు ‘జామ్’ పరీక్ష రాయాలి. అది ఫిబ్రవరిలో జరుగుతుంది. దరఖాస్తులు మాత్రం అంతకు కొన్ని నెలల ముందే, చెరకు ఇంకా పొలంలో ఉండగానే ముగుస్తాయి. 1983లో ఏర్పడిన జాతీయ ఉన్నత గణితశాస్త్ర మండలి గణితంలో ఎం.ఏ., ఎమ్మెస్సీ చదివేవారికి పరీక్ష ద్వారా ఉపకారవేతనాలు ఇస్తూ వచ్చింది. 2008లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ‘ఇన్‌స్పైర్’ పథకంలో, ఇంటర్మీడియట్‌లో తమ బోర్డు పరిధిలో తొలి ఒక శాతంలో నిలిచి మౌలిక శాస్త్రాలు చదివేవారికి ఏడాదికి 80 వేల రూపాయలు నిర్ణయించారు. అంటే ఎమ్మెస్సీ ఖర్చుకు దారి ఇంటర్మీడియట్ తరగతి గదిలోనే మొదలు కావచ్చునన్నమాట.

రాధాకృష్ణారావుగారిని బాల్యంలో తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున 4 గంటలకు లేపి, చదువుకొనేందుకు దీపం వెలిగించేవారట. ఆ సంగతిని ఆయన తన గ్రంథాన్ని తల్లికి అంకితమిస్తూ స్మరించుకొన్నారు. పిల్లల చదువుకోసం ఏదో ఒకటి చేయాలన్న తపన మన ఇళ్ళలోనూ ఉంటుంది. ఎప్పుడు, ఎంత కావాలో వారికి తెలియజెప్పడం మన పని. ఇప్పుడు నేనూ అధ్యాపకుణ్ణి. ఏటా కొత్త తరగతిలో మొదటి రోజున పాఠం చెప్పను; నోటు పుస్తకం చివరి పుట తెరిచి, నిలువుగా ఒక గీత గీయమంటాను.