కండలు చూచి కొలువిచ్చువారు

ఖరగ్‌పూరు వంటి రైల్వే పట్టణమున చిరకాలము వైద్యవృత్తిలో నున్నవానికి, ఇచ్చటి తెలుగు కుటుంబములు ఉద్యోగమును ఎంత ఇరుకైన గవాక్షమునుండి చూచుచుండునో తెలియకపోదు. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములలో శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి కారఖానాలో ఖలాసీలుగను, ఫిట్టర్లుగను కుదురుకొన్నవారి మనుమలును మునిమనుమలును నేడు మథురాకాఠీ, నీంపురా, తాల్‌బగీచా మొదలగు పేటలయందు కాపురమున్నారు. వీరి ఇండ్లలో కుర్రవానికి పదునెనిమిదేండ్లు నిండినదే తడవుగా గ్రూప్-డి పరీక్షల ప్రసంగమును, దాని వెంట, కంటిచూపు ఏ-వన్‌కు సరిపోవునా, బీ-వన్‌తో సరిపెట్టుకొనవలసినదేనా యను మెడికల్ ప్రసంగమును ఆరంభమగును. కావున తాల్‌బగీచాలోని అట్టి యొక గృహమునుండి ఒక యువకుడు, తల్లి గాజులు కుదువబెట్టిన సొమ్ముతో కలకత్తాలో పర్సనల్ ట్రైనరు కోర్సు ముగించి, సర్టిఫికెట్టును పటము కట్టించుకొని వచ్చినప్పుడు, రిటైరైన తండ్రి నా యెదుటనే "అదేటి కొలువండి డాక్టరు బాబూ! ఒకడు బరువెత్తుతుంటే పక్కన నిలబడి లెక్కెట్టడమూ ఒక పనేనా?" అని వాపోవుటలో ఆశ్చర్యమేమియు లేదు.

ఆ తండ్రి పూర్వుల గ్రామము వీరఘట్టమునకు ఎంతో దవ్వు కాదు. ఆ వీరఘట్టముననే జన్మించి, విజయనగరమున పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ ముగించుకొని మరలి వచ్చిన కోడి రామమూర్తి నాయుడు గారికి తొలి కొలువు దొరికినది సర్కసు డేరాలో కాదు, తాను చదువుకొన్న విజయనగరపు పాఠశాలలోనే, వ్యాయామోపాధ్యాయ పదవిగా. సర్కసులో ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, కలియుగ భీముడను బిరుదము, విదేశయాత్రలు, ఇవి యన్నియు తరువాతి కథ. లోకమునకు ఏనుగు జ్ఞాపకమున్నది గాని పాఠశాల జ్ఞాపకము లేదు. దేహవిద్య నేర్చినవానిని ముందుగా ఆదరించునది వానిని బాల్యమునుండి ఎరిగిన చోటేయని ఆ తండ్రితో కొంత వాదించితిని. ఆయన వినినట్లే కనబడెను గాని, లేచి పోవునప్పుడు గ్రూప్-డి నోటిఫికేషను మరల ఎప్పుడు పడునని నన్నే అడిగెను.

కుర్రవాని అన్వేషణము మాత్రము వేరొక త్రోవను పట్టెను. ఈ పట్టణమునను ఇటీవల అద్దముల గోడలు, ఏసీలు గల జిమ్ములు వెలసినవి. వానియందు కొత్తవానికిచ్చు పని ఫ్లోరు ట్రైనరు పని: వచ్చినవారికి యంత్రములను చూపుట, వారు విడిచిపోయిన బరువులను యథాస్థానమున పెట్టుట. జీతము స్వల్పము, ఎవరైనను ప్రత్యేకశిక్షణ కోరినచో ఆ రుసుములో కొంత భాగము కమీషను. ఈ మాత్రపు పనికైనను, పోయిన చోటనెల్ల సర్టిఫికెట్టును తిరగవేసి చూచినవారు లేరట. చొక్కా విప్పుమన్నవారే అందరును. పటము సంచిలోనే యుండగా, భుజములను, ఉదరమును, సెల్‌ఫోనులోని పాత ఛాయాచిత్రములను పరీక్షించి, "ఇంకా సైజు రావాలి" అని పంపివేయుచుండిరి.

ఒక చోట యజమాని ట్రయలు చూతమనెను. మండువేసవి, పశ్చిమ మేదినీపూరు జిల్లా ఎఱ్ఱమట్టి పగలెల్ల పీల్చిన వేడిమిని రాత్రి విడుచు రోజులు. చదువు ధ్యాసలో పడి నెలల తరబడి తన సాధనను మానుకొన్న ఆ కుర్రవానిచేత, అప్పటికే అచ్చట పనిచేయుచున్న మరియొకనితో పోటీగా, వందలకొలది బస్కీలు తీయించిరి. ఇతడు ఓడిపోలేదు, కొలువు మాత్రము రాలేదు. మూడవనాటి ఉదయమున తొడలు వాచి, నా దవాఖానా మెట్లు రెండు చేతులతో గోడ పట్టుకొని ఎక్కి, కాచిన తేయాకు కషాయపు వన్నెగల మూత్రమును సీసాలో తెచ్చి బల్లపై నుంచి, నేనింకను నోరు విప్పకమునుపే, "డాక్టరు బాబూ, ఇది రాబ్డో అనుకుంటానండి. మా పుస్తకంలో దీని మీద ఒక చాప్టరుంది" అనెను.

అతని ఊహ యథార్థమయ్యెను; అది రాబ్డోమయోలిసిస్, అనగా కండరములు చిట్లు వ్యాధియే. 1941లో, జర్మను బాంబుదాడులకు కూలిన లండను ఇండ్ల శిథిలముల క్రింద అవయవములు నలిగిన కొందరు, బ్రదికి బయటపడియు, కొలది దినములకే మూత్రపిండములు చెడి మరణించుటను బైవాటర్స్, బీల్ అను వైద్యులు వర్ణించిరి. నలిగిన కండరకణములు చిట్లి, వానిలోని మయోగ్లోబిన్ అను ఎఱ్ఱని పదార్థము రక్తమున కలిసి, మూత్రపిండములలోని సూక్ష్మనాళములను పాడుచేయును; పొటాషియము హెచ్చి గుండె లయ తప్పుటయు కలదు. అందులకు గోడయే కూలనక్కరలేదు, ఉద్యోగాశ చాలును. పరీక్షాపట్టీ మూత్రమున రక్తమున్నదని చూపెను, సూక్ష్మదర్శినిలో రక్తకణములు కానరాలేదు; ఈ వ్యాధికి గుర్తు అదియే. సాధారణముగ రెండు వందలకు లోబడియుండవలసిన క్రియాటిన్ కైనేజ్ వేలకు వేలుగ పెరిగి యున్నది. ఆసుపత్రిలో చేర్పించి, సెలైను ధారాళముగ ఎక్కించి, గంటగంటకు మూత్రపరిమాణమును కొలుచుచు కాచికొనగా, డయాలిసిస్ అవసరము లేకయే మూత్రపిండములు తేరుకొన్నవి. ఒక్క జిమ్మువాడును చదువని ఆ సర్టిఫికెట్టు వెనుక నున్న విద్యయే, ఒక దినము ఆలస్యము కాకుండ వానిని నా యొద్దకు తెచ్చినది.

కండలు చూచి కొలువిచ్చు పద్ధతికి మరియొక ఫలమును గూడ ఆ రోజులలోనే చూచితిని. చూచువారికి అసూయ పుట్టించు దేహముతో ఒక జిమ్ములో కుదురుకొన్న వేరొక యువకుడు, స్తనములు పెరుగుచున్నవని సిగ్గుతో, తలుపు వేయించి చెప్పుకొనెను. సూదిమందుల పేర్లు అడుగగా స్టెరాయిడ్ల జాబితా వచ్చినది. అతని విషయమున ఇంతకు మించి వ్రాయుట భావ్యము కాదు.

ఆసుపత్రినుండి వెడలిన మన కుర్రవానికి తొలి శిష్యుడు అద్దముల గోడల నడుమ దొరకలేదు. ఆయన నా రోగి. విశ్రాంత టికెట్టు ఇన్‌స్పెక్టరు. 2013లో గోరఖ్‌పూరు ప్లాట్‌ఫారము వచ్చువరకు ప్రపంచమున అత్యంత దీర్ఘమైనదని పేరొందిన మన 1072 మీటర్ల ప్లాట్‌ఫారమును ఉద్యోగకాలమంతయు ఈ కొననుండి ఆ కొనకు నడిచినవాడు. 1953లో మోరిస్ అను వైద్యుడు లండను రెండంతస్తుల బస్సులను పరిశీలించి, కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె, దినమెల్ల మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని చూపెను. ఉద్యోగవిరమణతో మన ఇన్‌స్పెక్టరు గారు ఒక్క దినముననే కండక్టరు పక్షమునుండి డ్రైవరు పక్షమునకు మారిరని నేననుకొందును. కొలది యేండ్లలో మధుమేహము వచ్చెను. తాను సన్నని మనిషినని, తన కీ రోగమేమని ఆయన కోపము. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో ప్రక్కప్రక్కన నిలిచి ప్రకటించుకొన్న ఛాయాచిత్రమును ఆయనకు చూపితిని: ఎత్తుకు తగిన బరువును తెలుపు సూచిక ఇరువురికిని 22.3, దేహమందలి క్రొవ్వు మాత్రము ఆంగ్లేయునికి 9.1 శాతము, మనవానికి 21.2 శాతము. మనవారి సన్నదనము క్రింద కండరము కొరవడి క్రొవ్వు దాగియుండును. రక్తములోని చక్కెరను అధికముగ స్వీకరించునది కండరమే యగుటచే, ఆయనకు కావలసినది నడక మాత్రమే కాదు, మితముగ బరువులెత్తుట. అది ఒంటరిగా నేర్చుకొనదగిన పని కాదు.

కుర్రవాడు మొదటి దినమున బరువు నేదియు ముట్టనీయలేదు. ఎదలో నొప్పి, ఆయాసము, తలతిరుగుడు, పాత దెబ్బలు, ఇవి యన్నియు అడిగి వ్రాసికొని, మందుల చీటీలో గ్లిమెపిరైడ్ అను పేరు చూచి, సాయంకాలము నా యొద్దకు వచ్చి, ఆ మాత్ర వ్యాయామసమయమున ఏమి చేయునని అడిగెను. చేయునది స్వల్పము కాదు: అది ఇన్సులినును వెలువరింపజేయును, వ్యాయామమున కండరము తానుగా చక్కెరను పీల్చును, ఈ రెండును కలిసినచో చక్కెర ప్రమాదకరముగ పడిపోవును. కొన్ని వారములకు ఒక ఏకాదశినాడు పెద్దాయన మాత్ర వేసికొని, ఉపవాసమన్న మాట దాచి సాధనకు వచ్చిరి. లెక్క తప్పుట, చెమట, చేతుల వణుకు గమనించిన కుర్రవాడు "ఆపీయండి మావయ్యా" అని కూర్చుండబెట్టి, పంచదార నీళ్లు త్రాగించి, తెలివి కుదుటపడిన పిమ్మట నాకు ఫోను చేసెను. కాలక్రమమున చక్కెర దిగుటచే ఆ మాత్రను తగ్గించితిని.

ఈ వృత్తాంతము తాల్‌బగీచాలో ఏ ప్రకటనయు చేయలేని పని చేసెను. ఇన్‌స్పెక్టరు గారి వియ్యంకుడు వచ్చిరి. ఇరుగుపొరుగు పెద్దముత్తైదువలు నలుగురు, కుర్రవాని తల్లి తోడుండవలెనను నియమముతో, వరండాలో చేతి ఊత లేక కుర్చీనుండి లేచుట అభ్యసించిరి. ఒక కాంట్రాక్టరు పెద్ద మొత్తమిచ్చెద ననినను, రక్తపోటు 190 ఉండుట చూచి, ముందు డాక్టరును చూడుడని ఇతడు త్రిప్పి పంపెను. ఎత్తించుట కంటె ఎత్తించకుండుటయందే ఈ వృత్తి యోగ్యత యున్నదని నా తలంపు. భుజము బిగిసికొన్న ఒక బెంగాలీ గృహిణిని సయితము, ఇది ఫిజియోథెరపిస్టు పనియని చెప్పి నా యొద్దకే పంపినాడు. తరువాత ఒక జిమ్మువారు పిలువగా, సాయంకాలములు మాత్రము అచ్చట పనికి కుదిరెను. గాజులు విడిపించినారట. తండ్రి మాత్రము అడిగినవారికి "మావోడు డాక్టరు బాబు కాడ పని సేస్తన్నాడు" అని చెప్పుచున్నాడు, నేను సరిదిద్దలేదు.

నా తోటి వైద్యులకొక విన్నపము. "వ్యాయామము చేయుడు" అను ఒక్క మాటతో చీటీ ముగింపకుడు. ఏ వ్యాయామము, ఎన్ని నిమిషములు, నాడి ఎంతవరకు పోవచ్చును, ఏ మందు వలన ఏ ప్రమాదము కలదు, వీనిని చీటీపై వ్రాసి, మీ పేటలో క్రొత్తగా సర్టిఫికెట్టు పొంది తిరుగుచున్న కుర్రవానిని, లేదా యువతిని, ఒకసారి పిలిచి మాటలాడి, తెలిసినవారని తోచినచో మీ రోగిని వారికి అప్పగింపుడు. జిమ్ము యజమానులారా, చొక్కా విప్పించుటకు ముందు ఆ పటమును ఒక్కసారి చదువుడు.