మాడిన నేలే దిక్కు

ఫిబ్రవరి 3, 2024, మన్ననూరు

కొత్త ఫైర్ వాచర్లు ఏడుగురు. ఐదుగురు చెంచు పిల్లలు, ఇద్దరు అచ్చంపేట వైపు తండాల నుంచి వచ్చారు. వరుసగా నిలబెట్టి ముందు కాళ్లు చూశాను. నలుగురివి హవాయి చెప్పులు. రబ్బరు కరిగి అరికాలికి అంటుకుంటే చెప్పుతో పాటు తోలూ ఊడొస్తుంది. బూట్లు వచ్చాకే తక్కిన పాఠం.

ఫిబ్రవరి 6

ఫైర్ లైన్ పని. గడ్డి కోసి, ఆకు ఊడ్చి, పొద్దున మంచు తడి ఆరకముందే పట్టీ పట్టీగా కాల్చాలి. పెద్ద మంట వచ్చేసరికి దానికి మేత దొరకకూడదు. కాగితం మీద నిప్పు కాలం ఫిబ్రవరి 15న మొదలవుతుంది. టేకు, నల్లమద్ది, చిరుమాను అంతవరకు ఆగుతాయా? కాలి కింద అప్పుడే గలగల.

"అడవిని కాపాడాలని పిలిచి, వచ్చుడు వచ్చుడే తగలబెట్టమంటిరి సార్!" అన్నాడు అందరికంటే చిన్నోడు.

ఫిబ్రవరి 12

అన్నం తిన్నాక ఆ చిన్నోడే ఫోన్ చూపించాడు. అమెరికాలో హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకొని అడవి మంటల దగ్గరికి దిగుతున్నారు. "మనకెప్పుడొస్తది సార్?"

ఆ పద్ధతి అక్కడ 1972 నుంచి ఉందని చెప్పాను. రోడ్డు లేని కొండల్లో పిడుగు పడి చిన్న మంట లేస్తే, అది పెరగకముందే మనుషులు చేరాలి. అందుకు తాడు. దిగే ముందు ఒకరి కొక్కెం ఇంకొకరు చూస్తారు. పైన స్పాటర్ అని ఒకాయన ఉంటాడు, ఆయన సైగ చేస్తే తప్ప ఎవరూ కాలు బయటపెట్టరు. పని ముగిశాక మాత్రం చాలాసార్లు సామానంతా వీపుకెత్తుకొని దారి దొరికేదాకా నడిచే రావాలి.

"నడుసుడు, మోసుడేనా? అయితే సగం నేర్చినట్టే" అని నవ్వారు.

ఫిబ్రవరి 20

గుట్ట పాఠం. ఒక్కొక్కరికి రెండేసి అగ్గిపుల్లలు. వెలిగించి ఒకటి తల పైకి పట్టుకోమన్నాను, ఇంకొకటి తల కిందికి. రెండోది వేళ్ల దాకా రావడానికి ఎంతసేపు! గుట్ట మీద మంటదీ అదే నడక. కింద లేచిన సెగ పైన గడ్డిని ముందే ఎండబెడుతుంది. అందుకే మంట పైకి వస్తుంటే దానికి ఎగువన నిలబడొద్దు.

నేను నిలబడ్డాను, మూడేళ్ల కింద. పైకి ఉరుకుదామనుకున్నాను. ఒక చెంచు తాత రెక్క పట్టి, పక్కనుంచి తిప్పి, అప్పటికే కాలి చల్లారిన చోటికి లాక్కొచ్చాడు. "మాడిన నేల మళ్ల మాడది బిడ్డా" అన్నాడు. ఏ మంట దగ్గరికి పోయినా ముందు ఆ నేల ఎక్కడుందో వెతుకుతాను. పిల్లలతోనూ వెతికిస్తున్నాను.

మార్చి 4

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోన్‌కు అలర్ట్. ఉపగ్రహం చూపులో ఒక్కో గడి 375 మీటర్లు. అది పైనుంచి దాటింది మధ్యాహ్నం, కబురు మాకు చేరేసరికి సాయంత్రం. మేం పోయేసరికి బోదగడ్డి బూడిదైంది. మంట ఎక్కడ పుట్టిందో ఉపగ్రహం చెప్పింది, ఎటు పోయిందో గాలినే అడగాల్సొచ్చింది.

మార్చి 18, చందంపేట వైపు

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. పాత మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండ దాకా ఒకటే అడవి. మంట పుట్టుకా రెండుచోట్లా ఒకటే: కొత్త చిగురు కోసం పశువుల కాపరి పెట్టిన నిప్పు, పారేసిన బీడీ, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద కాల్చిన ఆకు.

"మా అమ్మ గూడ కాలుస్తది సార్" అన్నాడు చిన్నోడు, తల వంచుకొని.

"జరిమానా రాయాలా మరి?"

"వద్దు సార్. పువ్వు రాలే దినాలల్ల నేనే పోయి ఊడ్సిస్త."

ఈ నెలలో నేను నేర్పని పాఠం ఇది.

ఏప్రిల్ 22

సలేశ్వరం జాతర. లోయలోకి దిగే జనం, ఎక్కే జనం. అగ్గిపెట్టెలు అడిగి తీసుకుంటుంటే ఒక పెద్దమనిషి, "కర్పూరం ఎట్ల వెలిగియ్యాలె?" అని కోప్పడ్డాడు. గుడి దగ్గర వెలిగించుకుందురు గాని, తోవలో వద్దని మావాడొకడు చేతులు జోడించాడు. బ్లోయర్ కంటే ఆ దండమే ఎక్కువ ఆకు ఊడ్చింది.

ఏప్రిల్ 28

నైనీతాల్ మంటల మీదికి వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చిందట. భీమ్‌తాల్ చెరువులో బకెట్ ముంచి, ఎత్తి, కొండ మీద కుమ్మరిస్తోంది. ఏడుగురూ ఒకే ఫోన్ మీద తలలు పెట్టి చూశారు. మనకెప్పుడొస్తదని ఈసారి ఎవరూ అడగలేదు.

"ఆ నీళ్లు పడ్డంక, కింద దుంగలు ఎవరు తిరగేస్తరు సార్?" అన్నాడు చిన్నోడు.

నిన్నటి మంట దగ్గర ఒక మొద్దు ఇంకా పొగుస్తోంది. వాణ్ని, ఇంకొకణ్ని పంపాను. పోయే ముందు ఒకరి బూట్లు ఒకరు చూసుకున్నారు. నేను చెప్పలేదు.