టీకా వేసిన నాడు

ఏడాదిన్నర వయస్సు చిత్రమైనది. అప్పటికి బిడ్డకు నడక వస్తుంది. గడప దాటి వీధిని చూడాలన్న ఉబలాటం మొదలవుతుంది. నోట పది ఇరవై మాటలు పలుకుతాయి. ఆకలి అని చెప్పగలదు, నీళ్లు అడగగలదు. కాని ‘ఈ నొప్పి నాకెందుకు?’ అని ప్రశ్నించే భాష ఇంకా రాదు. పెద్దలు చెప్పే కారణాన్ని గ్రహించే జ్ఞానమూ ఉండదు. మన దేశంలో 16 నుండి 24 నెలల మధ్య, సరిగ్గా ఈ వయస్సులోనే, పిల్లలకు డి.పి.టి. బూస్టరు, తట్టు-రుబెల్లా టీకా రెండవ మోతాదు ఇస్తారు. ఒకటి తొడకు, ఇంకొకటి భుజానికి. తరచుగా రెండు సూదులూ ఒకే పూట పడతాయి.

ఆ సూదుల వెనుక గొప్ప చరిత్ర ఉంది. ఒకనాడు ఊళ్లకు ఊళ్లను వణికించిన మశూచి టీకా మూలంగానే అంతరించింది. అది భూమి మీద లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 1985లో మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం ఆరంభమైంది. 2014 మార్చి 27న భారతదేశం పోలియోరహిత దేశంగా గుర్తింపు పొందింది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం అన్నవి నేటి యువతలో చాలామందికి పేర్లుగా మాత్రమే తెలుసు. ఆ అదృష్టం టీకాల చలవే.

ఇదంతా పెద్దలకు తెలుసు. బిడ్డకు తెలిసినది వేరు. అమ్మ తనను కదలనీయకుండా పట్టుకొంది. ఎవరో పొడిచారు. అమ్మ చూస్తూ ఊరుకొంది. ఆ క్షణంలో పసి మనస్సుకు అందే సత్యం ఇంతే. కాబట్టి ఆనాటి ఓదార్పు కేవలం ఏడుపు మాన్పించే ఉపాయం కాజాలదు. చెదరబోయిన నమ్మకాన్ని తిరిగి నిలబెట్టే పని అది.

ఒక గ్రామంలోని ఆరోగ్య ఉపకేంద్రం. బుధవారం, టీకాల రోజు. తల్లి ఒడిలోని పసివాడు రెండవ సూది పడగానే ఊపిరి బిగబట్టి, మరుక్షణం గుక్క తిప్పుకోకుండా ఏడ్చాడు. పక్కనున్న నాయనమ్మ చూడలేకపోయింది. నర్సు వైపు చెయ్యి ఎత్తి, “నా మనవణ్ణి ఏడిపిస్తావా! ఉండు, నిన్ను కొడతాను” అని బెదిరించినట్లు నటించింది. పిల్లలు పడినప్పుడు నేలను కొట్టి ఊరడించే అలవాటే అది. నర్సు నవ్వి, “కొట్టండి పెద్దమ్మా, నాకేం కాదు. కాని మళ్లీ సూదికి వీణ్ణి నా దగ్గరకే తీసుకురావాలి కదా! అప్పుడు నన్ను చూసి జడుసుకుంటాడు” అన్నది. నాయనమ్మ చెయ్యి దించింది.

తల్లి మాత్రం ‘ఏం కాలేదు’ అనలేదు. బిడ్డను నిటారుగా ఎత్తి గుండెకు హత్తుకొని, “నొప్పిగా ఉంది కదూ నాన్నా! అవును, నొప్పే. తగ్గిపోతుంది. అమ్మ ఇక్కడే ఉంది” అని నెమ్మదిగా చెప్పింది. ఆ మాటల అర్థం వాడికి ఎంత తెలిసిందో చెప్పలేము. ఆ గొంతులో తొట్రుపాటు లేదన్నది మాత్రం తెలిసింది. అరగంట సేపు అక్కడే కూర్చోవాలన్న నర్సు మాట ప్రకారం వారు ఆగారు. ఆ సమయం ముగిసేలోపే ఏడుపు వెక్కిళ్లుగా మారి సద్దుమణిగింది.

అసలు పరీక్ష రాత్రికి వచ్చింది. పసివాడికి ఒళ్లు వెచ్చబడింది. సూది వేసిన తొడ కందింది. పగలంతా పరుగులు తీసే వాడు కాలు కింద మోపనన్నాడు. నాయనమ్మ కాపడం పెట్టి తొడ మర్దన చేయబోయింది. అది కూడదని నర్సు చెప్పిన సంగతి కోడలు గుర్తు చేసింది. చల్లని తడిగుడ్డ వేశారు. బరువును బట్టి నర్సు చెప్పిన మోతాదులోనే పారాసెటమాల్ మందు పట్టారు. టీకా తరువాత ఇటువంటి జ్వరం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అలా తగ్గకపోయినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ మగతగా పడి ఉన్నా వెంటనే వైద్యునికి చూపించాలి.

ఆ రాత్రి అమ్మానాన్నలు వంతులవారీగా వాడిని భుజాన వేసుకొని వసారాలో పచార్లు చేశారు. గమనించవలసిన విషయం ఒకటి ఉంది. పగలు సూది కోసం కాళ్లూ చేతులూ కదలకుండా పట్టుకొన్నవి అమ్మ చేతులే. నొప్పి పెరిగినప్పుడు వాడు వెతుక్కున్నదీ ఆ చేతులనే. పిల్లల క్షమాగుణం అంత సహజమైనది. దానిని నిలుపుకోవలసిన బాధ్యత పెద్దలది.

‘అన్నం తినకపోతే సూది వేయిస్తాను’ అని బెదిరించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. రక్షణనిచ్చే దానిని శిక్షగా చూపితే బిడ్డ మనస్సులో భయమే మిగులుతుంది. మరికొందరు తల్లిదండ్రులు ఆ ఏడుపును భరించలేక తరువాతి మోతాదును వాయిదా వేస్తారు. నొప్పి ఒక పూటది. తప్పిన టీకా తెచ్చే ప్రమాదం అంత చిన్నది కాదు.

డి.పి.టి. తరువాతి బూస్టరు 5-6 ఏళ్ల వయస్సులో వేస్తారు. అప్పటికి బిడ్డకు భాష వస్తుంది. ‘నొప్పి పుడుతుందా?’ అని సూటిగా అడుగుతుంది. ‘కొంచెం పుడుతుంది, నేను పక్కనే ఉంటాను’ అన్న పెద్దల జవాబును నమ్మగలిగిన బిడ్డ ధైర్యంగా చెయ్యి చాపుతుంది. ఆ నమ్మకానికి పునాది మాటలు రాని వయస్సులోనే పడుతుంది.