నిరీక్షణ ఫలం

చైనాలోని లియావోనింగ్ రాష్ట్రంలో 1975లో జన్మించిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి జాంగ్ నింగ్ జీవితం ఓర్పుకు నిలువుటద్దం.

1994లో జకార్తాలో మహిళా జట్లకు జరిగిన ఊబర్ కప్ తుదిపోరులో చైనా, ఇండోనేషియా చెరి రెండు పోటీలు గెలిచాయి. ఫలితాన్ని తేల్చవలసిన చివరి పోటీ భారం పందొమ్మిదేళ్ల జాంగ్ నింగ్‌పై పడింది. ప్రత్యర్థి మియా ఆడినా పద్నాలుగేళ్ల బాలిక. ఆ బాలిక చేతిలో ఆమె ఓడిపోయింది. కప్పు చైనాకు దక్కలేదు.

ఆ తరువాత చాలాకాలం ఆమె సహచరుల నీడలోనే ఉండిపోయింది. 2000 నాటి సిడ్నీ ఒలింపిక్స్ జట్టులోనూ స్థానం లభించలేదు. ఎందరో ఆట నుండి విరమించుకునే వయసది. ఆమె మాత్రం సాధన విడువలేదు. 2003లో, ఇరవై ఎనిమిదేళ్ల ప్రాయంలో, ప్రపంచ విజేత అయింది.

మరుసటి ఏడు ఏథెన్స్ ఒలింపిక్స్ తుదిపోరులో నెట్‌కు ఆవల నిలిచినది, వివాహానంతరం నెదర్లాండ్స్ పక్షాన ఆడుతున్న ఆ మియాయే! తొలి గేమ్‌ను 8-11తో కోల్పోయినా జాంగ్ నింగ్ చలించలేదు. తక్కిన రెండింటినీ 11-6, 11-7తో గెలిచి స్వర్ణం అందుకుంది. 2008లో బీజింగ్‌లో, ముప్పై మూడేళ్ల వయసులో, స్వదేశీయురాలైన షీ షింగ్‌ఫాంగ్‌ను ఓడించి, బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో వరుసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు సాధించిన తొలి వ్యక్తిగా నిలిచింది.

జకార్తాకూ ఏథెన్స్‌కూ నడుమ గడచిన ఆ పదేళ్ల మౌన సాధనను ఏ పతకమూ తూచలేదు.